ఇల్లు కదలినవా రెవరు?

సెలవులలో నెక్కడికి పోవలెనను ప్రశ్న మన యిండ్లలో నిప్పుడు సామాన్యమైనది. దానికి ప్రత్యుత్తరము ఎవరి యభిరుచిని బట్టి వారికి దొరకునని పలువురి తలంపు. గోదావరి మండలములలో గడచిన రెండు శతాబ్దముల ప్రయాణములను పరికించినచో, అభిరుచికి దక్కిన పాలు స్వల్పమనియు, ఇంటి భూమియు, కులమును, ఆ యింట వంటచేయువారెవరను సంగతియు ముందే నిర్ణయించినది మిక్కుటమనియు మాకు తోచుచున్నది.

1830వ సంవత్సరమున చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్రకు బయలుదేరిరి. వెంట నడచిన పరివారము ఇంచుమించు నూఱుగురు. తిరుగుప్రయాణమున రాజమహేంద్రవరము మీదుగా వచ్చి 1831లో ఇల్లు చేరిరి. వారి దినచర్య 1838లో అచ్చుపడెను. చదువరులు వారి పరిశీలనాశక్తిని కొనియాడుదురు, కొనియాడదగినదే. కాని పల్లకి మోసిన బోయీలును ఆ దారినే నడచిరి గదా! వారికి కాశి యెట్లు కనబడెనో వ్రాసినవారు లేరు.

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప మన సీమలో ధనము కలిగెను. కాలువలు పొలమునకు నీరును, మనుష్యులకు దారియు నైనవి. అయితే ఇందొక చిక్కు గలదు. పంట యిల్లు చేరి చేత రూకలాడు వేసవిలోనే మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. రైతునకు తీరిక చిక్కిన దినములలో పడవ లేదు; పడవ నడచు దినములలో తీరిక లేదు. కావున ఎడ్లుగలవాడు బండి కట్టుకొని పెండ్లికో తీర్థమునకో పోయెను. ఎడ్లు లేనివాడు నడచెను, లేదా ఊరనే యుండెను. కోర్టులకు వేసవి సెలవులిచ్చుట వలన వకీళ్ల యిండ్లకు మాత్రము తీరికయు ధనమును ఒక్కమాఱే సమకూడెను. 1900లో గోదావరిపై రైలు వంతెన తెఱచినప్పటినుండి వారికి చెన్నపట్టణమును వాల్తేరును చేరువయైనవి. మూడవ తరగతిలో అన్ని కులములవారును ఒక బల్లమీదనే కూర్చుండిరి. స్టేషనులో దిగినంతనే బ్రాహ్మణులకు భోజనము వేఱు.

కూలివారి సంగతి వేఱు. పుణ్యక్షేత్రములకు పోదమన్నను, అస్పృశ్యులని వెలివేయబడినవారికి ఆలయద్వారములు హక్కుగా తెఱువబడినది 1947 నాటి మదరాసు శాసనముతోనే. అంతకుముందే వారిలో వేలకొలది జనము సముద్రము దాటిరి. కాకినాడలో స్టీమరు పైతట్టు మీద కూర్చుండి వారు పోయిన రంగూనును మనవారు రంగమనిరి. అచ్చటివారు మనవారిని, మన కోరంగి రేవు పేరిటనే, కోరంగీలనిరి. రేవులలో మూటలు మోసి, ధాన్యపు మిల్లులలో పనిచేసి యింటికి రూకలు పంపిరి. 1930 మేనెలలో రంగూను రేవుకూలీలపై చెలరేగిన యల్లరులలో మనవా రెందఱో చచ్చిరి. 1942లో జపాను సేనలు రాగా అడవులబడి నడచి వచ్చినవారు నడచివచ్చిరి. సముద్రము దాటిన బ్రాహ్మణునికి ప్రాయశ్చిత్తము విధింపవలెనా యని పండితులు వాదించుకొనుచున్న కాలమున ఈ కూలివారి సముద్రయానమును గూర్చి యెవ్వరును శాస్త్రము తిరుగవేయలేదు.

ఇక స్త్రీలు. పుట్టినిల్లు, పురుడు, పుష్కరము - ఈ మూడింటికి తప్ప గృహిణి గడప దాటుట యరుదు. ఈ సందర్భమున మాకు లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారు జ్ఞప్తికి వత్తురు. 1909లో గతించిన ఆ యమ్మ అన్నదానము జగత్ప్రసిద్ధము. ఒకప్పు డామె అంతర్వేది నరసింహస్వామిని దర్శింప బయలుదేరెనట. దారిలో ఆకలిగొన్న బాటసారులు కొందఱు, గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టునని తమలో తామనుకొనుట విని, పల్లకి వెనుకకు మరలింపించెనట. మనవారీ కథను ఆమె త్యాగమునకు నిదర్శనముగా చెప్పుకొందురు. అది నిజమే. అయినను అంతర్వేది ఎంత దూరము? ఆ యొక్కదినము పొయ్యి దగ్గఱ మఱియొకరు కూర్చుండియున్న ఆమె దర్శనమునకు నోచియుండునని మేమనినచో ఆ మహాసాధ్వికి లోపము కలుగదు. ఇతరులు ప్రయాణము చేయుటకై ఇల్లు కదలక నిలిచిన స్త్రీల పేరులు ఏ యాత్రాచరిత్రమునను లేవు.

ఇప్పుడు డెల్టా యిండ్లనుండి తల్లిదండ్రులు విమానమెక్కి అమెరికా పోవుచున్నారు. మేమెఱిగిన యొక దంపతులు ఆఱుమాసములుండి యీమధ్యనే వచ్చిరి. ఆయన నయాగరా జలపాతమును, న్యూయార్కు మేడలను వర్ణించి చెప్పెను. కోడలి పురుటికై పోయిన ఆమెను, అమ్మా, మీరేమి చూచితిరని యడిగితిమి. పసివానిని విడిచి తాను నయాగరాకు పోలేదనియు, వంటయింటి కిటికీ కెదుట నొక చెట్టున్నదనియు, దాని యాకులు పచ్చనివి ఎఱ్ఱనై రాలువఱకు చూచితిననియు చెప్పి, మాకు కాఫీ తెచ్చుటకు లోపలికి పోయెను.