కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో ఉపాధ్యాయ ఉద్యోగం: ఊరు మారేవారికి తొలి నెలల లెక్క

హోసూరు, కృష్ణగిరి, చిత్తూరు, తిరుత్తణి వైపు గ్రామాలలో చదువుకొన్న యువతీయువకులకు కోయంబత్తూరు, మదురై జిల్లాలలో ఉపాధ్యాయ ఉద్యోగం వచ్చినప్పుడు పెద్దలు ముందుగా చెప్పే మాట, “అక్కడ మనవాళ్ళు ఉన్నారు కదా” అని. ఆ మాట నిజమే. మదురై నాయక రాజుల కాలం నుండి, అంటే 16వ శతాబ్దం మొదలుకొని, తెలుగు కుటుంబాలు ఆ దక్షిణ జిల్లాలలో స్థిరపడి ఉన్నాయి. మదురై నగరంలో తిరుమల నాయకుని మహలు నేటికీ నిలిచి ఉన్నది. కోయంబత్తూరు వైపు పీలమేడు, పాపనాయకన్‌పాళయం, ఆవారంపాళయం వంటి పేటలలోను, జి.డి.నాయుడు 1893లో జన్మించిన కళంగల్ వంటి పల్లెలలోను తెలుగు ఇంటి భాషగా వినిపిస్తుంది. 1926లో ఏర్పడిన పి.ఎస్.జి. ధర్మసంస్థ మొదలు అనేక విద్యాలయాలను స్థాపించినవారు కూడా ఈ కుటుంబాలవారే.

అయితే ఆ తెలుగు మాటకే పరిమితం. అద్దె ఒప్పందం, రసీదు, నియామకపు ఉత్తర్వు, పాఠశాల దస్త్రం అన్నీ తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. “మనవాళ్ళే” అన్న నమ్మకంతో కాగితం లేకుండా సొమ్ము చేతులు మారడమే ఊరు మారిన కుటుంబాలకు తరచుగా కలిగే నష్టం. కాబట్టి ఎంత సొమ్ము సిద్ధం చేసుకోవలెను అన్నదానితో పాటు, ఆ సొమ్ము ఏ కాగితం మీద ఇవ్వవలెను అన్నది కూడా ఈ లెక్కలో భాగమే.

మొదట జీతం సంగతి. తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలలో సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయునికి మూలవేతనం రూ.20,600తో, బి.టి. అసిస్టెంటుకు రూ.36,400తో ప్రారంభమవుతుంది. దీనికి కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం చేరుతాయి. అద్దె భత్యం నగరానికి ఒక తీరుగా, పల్లెకు ఒక తీరుగా ఉంటుంది గనుక, నగరంలో ఉన్న మిత్రుని జీతం చూసి తన జీతం అంతే ఉంటుందని అనుకోరాదు. 2003 ఏప్రిల్ 1 నుండి చేరినవారికి పాత పింఛను పద్ధతి వర్తించదు. మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో 10 శాతం పింఛను వాటాగా మినహాయిస్తారు. ఆరోగ్య బీమా చందా, ఆరు నెలలకొకసారి స్థానిక సంస్థకు కట్టే వృత్తి పన్ను కూడా అందులో నుండే పోతాయి. మొదటి నియామకానికి వెళ్ళే ప్రయాణ ఖర్చును ప్రభుత్వం ఇవ్వదు.

నియామకపు ఉత్తర్వు వచ్చిన నెలలోనే జీతం వస్తుందని తలచడం తొందరపాటు. సర్వీసు రిజిస్టరు తెరవాలి, సర్టిఫికెట్లు సరిచూడాలి, పింఛను ఖాతా సంఖ్య రావాలి, ఖజానాకు వెళ్ళే జీతాల కంప్యూటరు వ్యవస్థలో పేరు చేరాలి. ఇవన్నీ ముగిసేసరికి రెండు మూడు నెలలు గడవడం వింత కాదు. రావలసిన సొమ్ము పోదు, కలిపి వస్తుంది. కాని అద్దె అడిగే ఇంటి యజమానికి ఆ సమాధానం పనికిరాదు.

ఎయిడెడ్ పాఠశాలల పరిస్థితి ఇంతకంటె కఠినం. అక్కడ నియమించేది యాజమాన్యం, జీతమిచ్చేది ప్రభుత్వం. విద్యాశాఖ ఆ నియామకాన్ని ఆమోదించేవరకు ఖజానా నుండి ఒక్క రూపాయి రాదు. ఆమోదం కోసం నెలలు, ఒక్కొక్కప్పుడు ఏళ్ళు వేచియున్న ఉపాధ్యాయులు హైకోర్టును, 2004 నుండి దాని మదురై ధర్మాసనాన్ని ఆశ్రయించిన కేసులు ఎన్నో ఉన్నాయి. అందువలన చేరేముందే మూడు విషయాలు అడిగి తెలుసుకొనవలెను: ఆ పోస్టు మంజూరైనదేనా, ఇంతకుముందు ఆ పోస్టులో ఎవరు ఉండి ఎందుకు ఖాళీ అయినది, ఆమోదం వచ్చేలోగా యాజమాన్యం ఏమైనా ఇస్తుందా. ఉద్యోగానికై “విరాళం” అడిగే చోటు ఏదైనా ఉంటే, దానికోసం పొలం అమ్మడం ఎంతమాత్రం తగదని ఈ రచయిత అభిప్రాయం. ఆ సొమ్ముకు రసీదు ఉండదు. ఆమోదం రాకపోతే దానిని తిరిగి రాబట్టే మార్గమూ ఉండదు. బకాయి జీతం పెద్ద మొత్తంగా ఒకే ఏడాదిలో వచ్చినప్పుడు ఆదాయపు పన్నులో ఉపశమనం కలదు గాని, పన్ను రిటర్నుకు ముందే అందుకు సంబంధించిన ఫారం దాఖలు చేయవలెను.

ప్రైవేటు పాఠశాలలలో జీతం త్వరగానే వస్తుంది. అక్కడ అడగవలసిన ప్రశ్న వేరు: మే నెల సెలవులకు జీతం ఉన్నదా, లేదా? ఏడాదికి పది నెలల జీతమే ఇచ్చే చోట నెలకు రూ.18,000 అంటే నిజానికి నెలకు రూ.15,000 అని లెక్కించుకొనవలెను. భవిష్యనిధి ఖాతా ఉన్నచో పాత సంఖ్యనే కొనసాగించమని కోరవలెను. ఒరిజినల్ సర్టిఫికెట్లను చూపి నకళ్ళు ఇవ్వవలెనే గాని, పూచీగా వదలి రాకూడదు. వాటిని వదలి వచ్చినవారికి మరుసటి ఉద్యోగం దొరికినా వెళ్ళే స్వేచ్ఛ ఉండదు.

ఇక ఇల్లు. తమిళనాడులో 2019 ఫిబ్రవరి 22 నుండి అమలులోనున్న అద్దె చట్టం ప్రకారం ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండి, అద్దె అధికారి వద్ద నమోదు కావలెను. వేరుగా ఒప్పుకొంటే తప్ప అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించరాదు. ఆ “వేరుగా ఒప్పుకొంటే” అన్న మాట వల్లనే ఐదు నెలలు, పది నెలలు అడిగే పాత అలవాటు పూర్తిగా పోలేదు. బేరమాడవచ్చును. ఎంత ఇచ్చినా బ్యాంకు ద్వారా ఇచ్చి, ఆ అంకెను ఒప్పందంలో వ్రాయించవలెను. ఇంకొక సంగతి: ఆడి మాసంలో, అంటే జూలై మధ్య నుండి ఆగస్టు మధ్య వరకు, అక్కడివారు ఇల్లు మారరు. జూన్‌లో బడి తెరిచేటప్పటికే ఇల్లు చూసుకోకపోతే నెల రోజులు లాడ్జిలోనో, బంధువుల ఇంటిలోనో గడపవలసి వస్తుంది.

మదురై వైపు “ఒత్తి” అనే పద్ధతి విస్తారంగా ఉన్నది. మన వైపు భోగ్యం అనే దానివంటిదే. ఇంటి యజమానికి ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి, అద్దె లేకుండా నివసించి, ఖాళీ చేసేనాడు అసలు తిరిగి తీసుకొంటారు. ఊరిలో పొలం మీదనో నగల మీదనో అప్పు తెచ్చి ఒత్తికి ఇవ్వడం లాభమా అన్నది చిన్న లెక్కతో తేలుతుంది. నెలకు రూ.6,000 అద్దె వచ్చే ఇంటికి రూ.4,00,000 ఒత్తి అనుకొందాం. ఆ సొమ్మును నూటికి రూపాయి వడ్డీకి తెస్తే నెలకు రూ.4,000 కట్టవలెను, అంటే రూ.2,000 మిగులు. రూపాయిన్నర అయితే రూ.6,000, లాభమూ లేదు నష్టమూ లేదు. రెండు రూపాయలైతే రూ.8,000. అద్దె లేదన్న సంతోషంతో నెలకు రెండు వేలు పోగొట్టుకోవడమే.

వడ్డీ కంటె పెద్ద అపాయం అసలుకే ఉన్నది. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం స్వాధీనంతో కూడిన ఇలాంటి తాకట్టు పత్రం రిజిస్టరు కావలెను. ఇరవై రూపాయల స్టాంపు కాగితం మీద సంతకాలు చాలునని దళారి చెప్పినా వినరాదు. ఆ ఇంటి మీద యజమాని ముందే బ్యాంకు అప్పు తీసుకొని ఉంటే, అప్పు తీర్చనినాడు ముందు హక్కు బ్యాంకుదే. ఇల్లు వేలానికి వెళ్ళగా ఒత్తికి ఉన్నవారు సొమ్ము కోసం తిరిగే గతి అప్పుడే పడుతుంది. అందుచేత “విల్లంగ” సర్టిఫికెటు, అనగా మనం ఈసీ అనేది, తీసి చూడవలెను. దానిని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చును. ఇంటి దస్తావేజులను బ్యాంకులో ఉంచి తీసుకొన్న అప్పు ఈసీలో కనిపించకపోవచ్చు గనుక, అసలు దస్తావేజును చూపమని కూడా అడగవలెను. కొత్తగా చేరినవారు మొదటి ఏడాది ఒత్తి జోలికి పోక, అద్దెకే ఉండడం మేలు. ఉద్యోగం నిలుస్తుందో, బదిలీ వస్తుందో ఇంకా తెలియదు కదా.

భార్యాభర్తలు, ఒక బిడ్డ ఉన్న కుటుంబానికి ఒక నమూనా లెక్క చూడండి. అద్దె రూ.6,000, ఇంటి ఖర్చు రూ.12,000, రాకపోకలు రూ.2,000, వెరసి నెలకు రూ.20,000. జీతం లేకుండా నాలుగు నెలలకు రూ.80,000. ఐదు నెలల అడ్వాన్సు రూ.30,000. సామాను బండి, గ్యాసు, బిడ్డ బడి తొలి ఖర్చులు రూ.20,000. మొత్తం రూ.1,30,000. అంకెలు ఊరిని బట్టి మారవచ్చును. ఎయిడెడ్ పాఠశాల అయితే నాలుగు నెలల స్థానంలో పన్నెండు నెలలు వేసుకొని చూడండి, లెక్క రూ.2,90,000 అవుతుంది. అంత భరించలేనివారు కుటుంబాన్ని ఊరిలోనే ఉంచి, ఒక్కరే గది తీసుకొని ఏడాది గడపడం తెలివైన పని. మహిళలకు 2021 మే నెల నుండి సాధారణ టౌన్ బస్సులలో ప్రయాణం ఉచితం గనుక, ఉపాధ్యాయినులు ఆ బస్సు తిరిగే దారిలోనే ఇల్లు చూసుకొంటే రాకపోకల పద్దు చాలావరకు తగ్గుతుంది.

సొమ్ము చాలనప్పుడు నగలను బ్యాంకులోనో సహకార సంఘంలోనో కుదువ పెట్టడమే తక్కువ చెడు. కందువడ్డీ, మీటరువడ్డీ పేరిట పీడించడాన్ని 2003 చట్టం నేరంగా నిర్ణయించినది. అయినను జీతం రాని కొత్త ఉపాధ్యాయునికి ఆ అప్పు మాత్రం సులభంగా దొరుకుతూనే ఉన్నది. జీతం మొదలైన తరువాత ఏటీఎం కార్డును, సంతకం చేసిన ఖాళీ చెక్కులను ఎవరికీ పూచీగా ఇవ్వకూడదు.

ఆంధ్రప్రదేశ్ వైపు నుండి వచ్చేవారు మరి రెండు ఖర్చులను ముందే ఊహించవలెను. 2006 చట్టం తరువాత తమిళనాడు పాఠశాలలలో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైనది. ఏడో తరగతిలోనో ఎనిమిదో తరగతిలోనో వచ్చి చేరే బిడ్డకు మొదటి ఏడాది తమిళ ట్యూషను అవసరమవుతుంది. పెద్దలకూ ఇది తప్పదు: 2021 డిసెంబరు ఉత్తర్వు నుండి రాష్ట్ర నియామక పరీక్షలలో తమిళ అర్హతా పత్రంలో 40 శాతం మార్కులు రావలెను. రెండవది కుల ధ్రువపత్రం. షెడ్యూల్డు కులాలు, తెగలవారు వేరే రాష్ట్రానికి వలస వెళ్ళినప్పుడు అక్కడ రిజర్వేషను వెంట రాదని సుప్రీంకోర్టు 1990లోనే తీర్పు చెప్పినది. బిడ్డలు రెండు మూడేళ్ళలో కళాశాలకు వెళ్ళే వయస్సులో ఉంటే, ఫీజు రాయితీ ఏ రాష్ట్రంలో దక్కుతుందో తాలూకా కార్యాలయంలో విచారించిన తరువాతనే కుటుంబం మొత్తాన్ని తరలించే తేదీ నిర్ణయించుకొనవలెను.