వైజాగ్ నేవీ మారథాన్

వైజాగ్ నేవీ మారథాన్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని విశాఖపట్నం నగరంలో సముద్రతీరం వెంబడి జరిగే దీర్ఘదూర పరుగు పోటీ. భారత నౌకాదళానికి చెందిన తూర్పు నౌకాదళ కమాండ్ ఆధ్వర్యంలో ఇది 2014లో మొదలైనది. నౌకాదళ దినోత్సవమైన డిసెంబరు 4కు దగ్గరగా, నవంబరు లేదా డిసెంబరు నెలలో ఒక ఆదివారం ఉదయం దీనిని నిర్వహిస్తారు. పూర్తి మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. పాల్గొనేవారిలో వృత్తి క్రీడాకారుల కంటే ఉద్యోగులు, విద్యార్థులు, గృహిణులు, నౌకాదళ సిబ్బంది, వారి కుటుంబ సభ్యులు ఎక్కువ. వీరిలో అధికులకు గెలుపు లక్ష్యం కాదు, దూరాన్ని క్షేమంగా పూర్తి చేయడమే లక్ష్యం. తీరప్రాంతపు తేమ, దారిలోని ఎత్తుపల్లాల కారణంగా ఈ పరుగులో మొదటి సగాన్ని ఎంత నిదానంగా పరుగెత్తారన్న దానిపైనే రెండవ సగం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

మారథాన్ అనే పేరు గ్రీసు దేశంలోని ఒక ఊరి పేరు. క్రీ.పూ. 490లో అక్కడ జరిగిన యుద్ధంలో ఏథెన్స్ సైన్యం గెలిచిన వార్తను ఒక దూత పరుగున మోసుకుపోయి, చెప్పిన వెంటనే ప్రాణాలు విడిచాడని ఐతిహ్యం. 1896 ఏథెన్స్ ఒలింపిక్ క్రీడలలో ఈ పరుగును ప్రవేశపెట్టగా గ్రీసు దేశస్థుడు స్పిరిడాన్ లూయిస్ విజేత అయ్యాడు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన 42.195 కి.మీ. దూరాన్నే 1921లో ప్రామాణికంగా స్థిరపరచారు.

భారతదేశంలో మారథాన్ చాలాకాలం సైనికులకు, రైల్వే, పోలీసు శాఖల క్రీడాకారులకు మాత్రమే పరిమితమైన పోటీగా ఉండేది. 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ 2 గంటల 12 నిమిషాలలో పరుగు పూర్తిచేసి నెలకొల్పిన జాతీయ రికార్డు దశాబ్దాల పాటు చెక్కుచెదరలేదు. 2004లో ముంబై మారథాన్ మొదలైన తరువాత సామాన్యులు పెద్ద సంఖ్యలో వీధులలో పరుగెత్తే అలవాటు ఇతర నగరాలకు వ్యాపించినది. తెలుగు ప్రాంతాలలో హైదరాబాదు మారథాన్ 2011లోను, వైజాగ్ నేవీ మారథాన్ 2014లోను ప్రారంభమయ్యాయి. కోవిడ్-19 మహమ్మారి కాలంలో విరామం తరువాత విశాఖ పరుగు 2022 నవంబరులో తిరిగి జరిగినది.

విభాగాలు

ఈ కార్యక్రమంలో పూర్తి మారథాన్‌తో పాటు 21.1 కి.మీ. హాఫ్ మారథాన్, 10 కి.మీ., 5 కి.మీ. పరుగులు ఉంటాయి. 5 కి.మీ. విభాగంలో పిల్లలు, పెద్దలు కుటుంబాలతో సహా నడుస్తూ, పరుగెత్తుతూ పాల్గొంటారు. 10 కి.మీ. విభాగం కొత్తగా పరుగు మొదలుపెట్టినవారికి తొలిమెట్టు వంటిది. ఎక్కువ దూరం పరుగెత్తేవారిని ఇంకా చీకటిగా ఉండగానే ముందుగా పంపిస్తారు. తక్కువ దూరం వారు తరువాత బయలుదేరుతారు.

ప్రతి వ్యక్తికి సంఖ్య ముద్రించిన బిబ్ ఇస్తారు. దీనిని చొక్కా ముందుభాగాన పిన్నులతో తగిలించుకోవాలి. ఇటువంటి పోటీలలో బిబ్‌కు ఉండే చిన్న చిప్ ద్వారా సమయం నమోదవుతుంది. ఆరంభ రేఖను తాను దాటిన క్షణం నుండి ముగింపు రేఖను దాటే వరకు పట్టినది ఆ వ్యక్తి యొక్క అసలు సమయం. కనుక గుంపులో వెనుక నిలబడినవారు తోసుకుని ముందుకు పోవలసిన అవసరం లేదు.

పరుగు మార్గం

పరుగు రామకృష్ణా బీచ్ ప్రాంతంలో మొదలై బీచ్ రోడ్డు మీదుగా ఈశాన్య దిశగా సాగుతుంది. విభాగాన్ని బట్టి నిర్ణీత స్థానం వద్ద వెనుదిరిగి అదే దారిలో బీచ్‌కు చేరాలి. మలుపు స్థానాలు సంవత్సరాన్ని బట్టి మారవచ్చు.

రామకృష్ణా బీచ్ వద్ద 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో నిర్మించిన విక్టరీ ఎట్ సీ స్మారకం, ఐ.ఎన్.ఎస్. కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల, 2017లో ప్రారంభమైన టి.యు.-142 విమాన ప్రదర్శనశాల ఉన్నాయి. ఇక్కడ రోడ్డు దాదాపు సమతలంగా ఉంటుంది. లాసన్స్ బే దాటి తెన్నేటి పార్కు, కైలాసగిరి పాదం వద్దకు వచ్చేసరికి చడావు మొదలవుతుంది. అక్కడి నుండి జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్ మీదుగా రుషికొండ వరకు దారి ఎక్కుతూ దిగుతూ పోతుంది. రుషికొండ దాటిన తరువాత ఈ రోడ్డు తొట్లకొండ బౌద్ధక్షేత్రం పక్కగా భీమునిపట్నం వైపు వెళుతుంది.

వెళ్ళేటప్పుడు దిగిన ప్రతి పల్లాన్ని తిరిగి వచ్చేటప్పుడు ఎక్కవలసి ఉండడం ఈ మార్గం యొక్క ముఖ్య లక్షణం. హాఫ్ మారథాన్, పూర్తి మారథాన్ పరుగెత్తేవారికి కైలాసగిరి దగ్గరి ఎగుడుదిగుడులు రెండవసారి ఎదురయ్యేది చివరి కిలోమీటర్లలోనే. మొదటిసారి తేలికగా తోచిన చోటు రెండవసారి కష్టమనిపించడానికి కారణం ఇదే.

వాతావరణం

నవంబరు, డిసెంబరు నెలలు విశాఖపట్నంలో చల్లని కాలమే అయినా గాలిలో తేమ అధికంగా ఉంటుంది. శరీరానికి చల్లదనం కలిగించేది చెమట పట్టడం కాదు, ఆ చెమట ఆవిరి కావడం. గాలిలో తేమ ఎక్కువైనపుడు చెమట ఆవిరి కాక బొట్లు బొట్లుగా కారిపోతుంది. దానివలన నీరు, లవణాలు పోతాయి కాని ఒంటి వేడి తగ్గదు.

సూర్యోదయం ఉదయం 6 గంటల ప్రాంతంలో అవుతుంది. బీచ్ రోడ్డు పొడవునా ఒకవైపు సముద్రమే కనుక నీడ తక్కువ. తిరుగు దారిలో ఎండ ఎడమవైపు నుండి తగులుతుంది. ఈశాన్య రుతుపవనాల గాలి వీస్తున్నట్లయితే వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి ఉంటుంది. వెనుకగాలి పరుగుకు కొంత సాయపడినా ఒంటికి తగిలే గాలి తగ్గి ఉక్క పెరిగినట్లు అనిపిస్తుంది.

పాల్గొనేవారి అనుభవం

మొదటి సగం

ఆరంభంలో చీకటి, చల్లదనం, జనసందోహం, సంగీతం కలిసి ఉత్సాహాన్ని పెంచుతాయి. వారాల తరబడి సాధన చేసి, చివరి రెండు మూడు వారాలు తగ్గించినందున కాళ్ళు కూడా తేలికగా ఉంటాయి. అందువలన తాను అనుకున్నదానికంటే వేగంగా పరుగెత్తుతున్నట్లు చాలామందికి తెలియదు. తొలిసారి పాల్గొనేవారు చేసే తప్పులలో ఇది మొదటిది.

4 గంటలలో మారథాన్ పూర్తి చేయదలచినవారు కిలోమీటరుకు సుమారు 5 నిమిషాల 41 సెకన్లు, 5 గంటలకు 7 నిమిషాల 7 సెకన్లు, 6 గంటలకు 8 నిమిషాల 32 సెకన్లు తీసుకోవాలి. ఈ లెక్కను ముందే నిశ్చయించుకుని, చడావులలో వేగం తగ్గించి, పక్కవారితో మాట్లాడగలిగేంత శ్వాసతో సాగేవారు సాధారణంగా చివరివరకు నిలుస్తారు. కొన్ని పోటీలలో నిర్ణీత సమయాన్ని జెండాపై రాసుకుని పరుగెత్తే పేసర్లు ఉంటారు. వారి వెంట గుంపుగా పోవడం కొత్తవారికి ఉపయోగకరం.

30 కిలోమీటర్ల తరువాత

మనిషి ఒక కిలోమీటరు పరుగెత్తడానికి శరీర బరువులో కిలోకు సుమారు ఒక కిలోకేలరీ శక్తి ఖర్చవుతుంది. 60 కిలోల వ్యక్తికి పూర్తి మారథాన్‌కు దాదాపు 2,500 కిలోకేలరీలు కావాలి. కండరాలలోను, కాలేయంలోను నిలువ ఉండే గ్లైకోజన్ సుమారు 2,000 కిలోకేలరీలకు మాత్రమే సరిపోతుంది. వేగం పెరిగినకొద్దీ కొవ్వు కంటే గ్లైకోజన్ ఎక్కువగా ఖర్చవుతుంది. అందుచేత 30 కి.మీ. దాటిన తరువాత చాలామందికి కాళ్ళు బరువెక్కడం, ఆలోచన మందగించడం, ఇక ఒక్క అడుగు కూడా వేయలేమనిపించడం జరుగుతుంది. రన్నర్లు ఈ స్థితిని గోడ అని వ్యవహరిస్తారు.

విశాఖ పరుగులో ఈ దశ తిరుగు దారిలో, ఎండ ఎక్కుతున్న వేళ వస్తుంది. 5 కి.మీ., 10 కి.మీ. విభాగాల వారు అప్పటికి ముగించి వెళ్ళిపోవడంతో దారిలో సందడి తగ్గుతుంది. చడావులలో నడిచి, పల్లాలలో పరుగెత్తే పద్ధతిని అనేకులు అనుసరిస్తారు. నీటి కేంద్రం నుండి నీటి కేంద్రం వరకు, లేదా ఒక దీపస్తంభం నుండి మరొక దాని వరకు అని దూరాన్ని ముక్కలుగా చేసుకోవడం మరొక పద్ధతి. నడవడం ఓటమి కాదు. నిర్వాహకులు విధించిన గడువులోపు ముగింపు రేఖ దాటిన ప్రతివారు పరుగు పూర్తి చేసినవారే. అలా పూర్తి చేసినవారికి పతకం ఇస్తారు.

ముగింపు తరువాత

ముగింపు రేఖ దాటిన వెంటనే ఆగిపోవడం, కూర్చోవడం మంచిది కాదు. అంతవరకు రక్తాన్ని గుండె వైపు నెట్టిన కాళ్ళ కండరాలు ఒక్కసారిగా ఆగితే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగవచ్చు. పది, పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడవాలి. కాళ్ళ నొప్పులు ఒకటి, రెండు రోజుల తరువాత అధికమవుతాయి. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టంగా ఉంటుంది.

ఆరోగ్య సమస్యలు

దీర్ఘదూర పరుగులో ప్రాణాపాయం అరుదు. అయినా కింది సమస్యలను గుర్తించడం అవసరం.

వడదెబ్బ: ఒంటి వేడి విపరీతంగా పెరిగి, మాట తడబడడం, దారి తెలియకపోవడం, తూలడం దీని లక్షణాలు. చెమట పడుతున్నంత మాత్రాన వడదెబ్బ కాదని అనుకోరాదు. బాధితుడిని వెంటనే చల్లటి నీటితో, మంచుతో చల్లబరచాలి.

లవణాల లోపం: దాహంతో నిమిత్తం లేకుండా అతిగా నీరు తాగితే రక్తంలో సోడియం పరిమాణం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తాన్ని పరీక్షించగా 13 శాతం మందిలో ఈ లోపం కనిపించినది. పరుగులో బరువు పెరగడం, నాలుగు గంటల కంటే ఎక్కువసేపు పరుగెత్తడం దీనికి సంబంధించిన అంశాలుగా ఆ పరిశోధన గుర్తించినది. దాహం వేసినప్పుడు తాగడం, ఉప్పు కలిసిన పానీయాలు తీసుకోవడం మేలు.

గుండె సంబంధ సమస్యలు: ఛాతీలో నొప్పి, అసాధారణమైన ఆయాసం, స్పృహ తప్పబోతున్న భావన కలిగితే పరుగు ఆపివేయాలి. మధుమేహం, రక్తపోటు, కుటుంబంలో గుండెజబ్బుల చరిత్ర ఉన్నవారు సాధన మొదలుపెట్టక ముందే వైద్యుని సంప్రదించాలి.

నొప్పి మాత్రలు: ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో కొన్ని రకాల నొప్పి మాత్రలు మూత్రపిండాలకు హాని చేస్తాయి. వాటిని మింగి పరుగెత్తడం ప్రమాదకరం.

జ్వరం, విరేచనాలు వంటివి ఉన్నపుడు పరుగుకు దూరంగా ఉండడమే క్షేమం. చెల్లించిన రుసుము వృథా అవుతుందనే ఆలోచనతో పాల్గొనడం తగదు.

మెట్ట ప్రాంతాల రన్నర్లు

తీరానికి దూరంగా ఉండే పొడి ప్రాంతాల వారికి ఈ పరుగులో ప్రత్యేకమైన ఇబ్బంది కలదు. ఉదాహరణకు యర్రగొండపాలెం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు నల్లమల అడవుల అంచున ఉన్నాయి. అక్కడి ఎండ తీవ్రమైనదే కాని గాలి పొడిగా ఉంటుంది. పొడిగాలిలో చెమట పట్టగానే ఆరిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. అదే వ్యక్తి సముద్రతీరంలో అదే వేగంతో పరుగెత్తితే ఒంటి వేడి అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. కొత్త వాతావరణానికి శరీరం అలవాటు పడడానికి సుమారు 10 నుండి 14 రోజులు పడుతుంది. మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కి పరుగుకు ఒకరోజు ముందు విశాఖ చేరేవారికి ఆ అవకాశం ఉండదు. అటువంటివారు తమ ఊరిలో పరుగెత్తే వేగాన్ని ముందుగానే తగ్గించుకోవాలి.

ఇటువంటి చిన్న పట్టణాలలో తెల్లవారుజామున రోడ్ల మీద, కళాశాల మైదానాలలో కనిపించే యువకులలో అధికులు పోలీసు, సైనిక ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు సాధన చేసేవారే. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ పరీక్షలో పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాలలో పూర్తి చేయాలి. అనగా కిలోమీటరుకు 5 నిమిషాలు. సాధన చేసిన యువకునికి ఇది పెద్ద వేగం కాదు. అదే వేగాన్ని మారథాన్ అంతా నిలిపితే 3 గంటల 31 నిమిషాలలో పూర్తవుతుంది. అది అనుభవజ్ఞులకు సైతం కష్టసాధ్యమైన సమయం. 1600 మీటర్ల పరుగు ఉన్న శక్తినంతా వెచ్చించమంటుంది, మారథాన్ దాచుకోమంటుంది. ఈ తేడా తెలియక తొలి 10 కి.మీ. వేగంగా పోయినవారు తరువాత నడక పట్టవలసి వస్తుంది. మరొకవైపు నల్లమల అంచున ఎత్తుపల్లాల రోడ్లపై సాధన చేసినవారికి కైలాసగిరి, రుషికొండ చడావులు కొంత తేలికగా ఉంటాయి.

హైదరాబాదు మారథాన్‌తో పోలిక

హైదరాబాదు మారథాన్ సాధారణంగా ఆగస్టు చివరి ఆదివారం జరుగుతుంది. నెక్లెస్ రోడ్డు వద్ద మొదలై గచ్చిబౌలి క్రీడామైదానంలో ముగుస్తుంది. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ పరుగులో ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ప్రాంతపు చడావులు, వర్షాకాలపు ఉక్క ప్రధానమైన కష్టాలు. విశాఖలో చడావులు అంతకంటే తక్కువ. సముద్రపు తేమ, నీడలేని దారి ఇక్కడి కష్టాలు. ఈ రెండు పోటీలలోను చల్లని దేశాలలో సాధించిన సమయాన్ని ఆశించడం సమంజసం కాదు.

ఇవి కూడా చూడండి

మారథాన్
విశాఖపట్నం
తూర్పు నౌకాదళ కమాండ్
రుషికొండ
కైలాసగిరి
యర్రగొండపాలెం