ఎవరి శక్తికి తగిన ఒక్కపొద్దు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో సామాన్యజనులు ఉపవాసమను మాటను అంతగా వాడరు. వారి మాట ‘ఒక్కపొద్దు’. శనివారమునాడు వేంకటేశ్వరునికి పట్టినది ఒక్కపొద్దే. శివరాత్రి జాగరమునాటిదియు ఒక్కపొద్దే. రంజాను నెలలో పొరుగింటి ముసల్మానులు పాటించు రోజాను గూడ పల్లెవాడు ఒక్కపొద్దనియే అనును. ఈస్టరునకు ముందు క్రైస్తవులు పట్టు నలుబది దినముల నియమమునకును అదే పేరు. సంస్కృతమున ‘ఉపవాసము’ అనగా సమీపమున వసించుట. ఆ మాట దృష్టి దైవము మీద నున్నది. తెలుగు మాట దృష్టి పొద్దు మీద నున్నది. దినమునకు ఎన్నిమారులు తినవలెను, ఏ పొద్దున తినవలెను అనునదే దాని ప్రశ్న.

నేడు నగరములలో 16 గంటలు మాని 8 గంటలలో తినుట, వారమున 5 దినములు తిని 2 దినములు తగ్గించుట అను పద్ధతులు క్రొత్త వింతలవలె ప్రచారములో నున్నవి. ఇవన్నియు మన పూర్వులకు ముందే తెలియునని చాటుటకు మేమీ ప్రసంగమును వ్రాయలేదు. అట్టి చాటింపులు శ్రోతలు కావలసినన్ని వినియున్నారు. పూర్వులు ఉపవాసమును మెట్లు మెట్లుగా అమర్చి, శక్తినిబట్టి ఏ మెట్టుపైనైన నిలుచు స్వేచ్ఛను ఆ నియమములోనే చేర్చిరి. ఆ స్వేచ్ఛ ఎవరికి దక్కినది, ఎవరికి దక్కలేదు అనునదే మేమిచట తలపోయదలచినది.

ధర్మశాస్త్రములు చెప్పిన మెట్లు నాలుగు. పగటియందు ఒక్కమారే భుజించుట ఏకభుక్తము. పగలెల్ల మాని చుక్కలు పొడిచిన పిమ్మట భుజించుట నక్తము. ఎవరిని అడుగక, తనంతట వచ్చినదానిని మాత్రమే తినుట అయాచితము; ఏమియు రానిచో ఆనాడు పస్తు. అసలే తినకుండుట ఉపవాసము. ఈ నాల్గింటిని దినమున కొకటిగా చేసినచో పాదకృచ్ఛ్రమని యాజ్ఞవల్క్యస్మృతి పేర్కొన్నది. మూడేసి దినములు ప్రొద్దుట, మూడేసి దినములు సాయంకాలము తిని, తరువాతి మూడు దినములు అయాచితముగా గడపి, కడపటి మూడు దినములు నిరాహారముగా నుండినచో ప్రాజాపత్యమగును. చాంద్రాయణము మరియు చిత్రమైనది. పున్నమినాడు 15 కబళములు. అటుపిమ్మట దినమునకొక కబళము తగ్గించుచు అమావాస్యనాటికి ఏమియు లేకుండుట. మరల ఒక్కొక్కటి పెంచుకొనుట. నడుమ సన్నగిల్లును గనుక చీమ నడుముతో పోల్చి దానికి పిపీలికామధ్యమని పేరిడిరి.

ఇవి ప్రాయశ్చిత్తములు, గృహస్థులు నిత్యము చేయునవి కావు. గృహస్థునికి చెప్పిన ఏకాదశియందు సడలింపులు పెక్కు కలవు. రుక్మాంగద మహారాజు ఏనుగుపై నగారా వేయించి ఏకాదశి చాటించినపుడు సైతము, ఎనిమిదేండ్లు దాటి ఎనుబదియేండ్లు నిండనివారికే ఆజ్ఞ వర్తించునని పురాణము చెప్పినది. ఉపవసింపజాలనివారు నక్తముతోనో, పాలతోనో, పండ్లతోనో గడపవచ్చును. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము, ఈ ఎనిమిదియు వ్రతమును చెరుపవని మరియొక సూత్రము. కడపటిదానిని శ్రోతలలో దినమును మందు పుచ్చుకొనువారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను.

అంబరీషుని కథ అందరెరిగినదే. ద్వాదశి ఘడియలు గడచిపోవుచున్నవి. స్నానమునకు వెళ్లిన దుర్వాసుడు తిరిగి రాలేదు. అతిథికి ముందు తినుట దోషము. ద్వాదశిలో పారణ చేయకుండుటయు దోషమే. రాజు కొంచెము నీరు త్రాగెను. నీరు త్రాగుట తినుటయు అగును, తినకుండుటయు అగును. ముని కోపమును, చక్రము వెంట తరుముటయు పిల్లలకు నచ్చు ఘట్టములు. మాకు మాత్రము ఆ గ్రుక్కెడు నీటియందు కానవచ్చు యుక్తియే రుచించినది.

ఇక మన సీమకు వత్తము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల ప్రాంతమునకు నడిగడ్డ యని పేరు. పడమట రాయచూరు, తుంగభద్ర కావలి ఒడ్డున మంత్రాలయము. అందువలన గద్వాల సంస్థానమున మాధ్వ సంప్రదాయము గట్టిగా వేరూనినది. మధ్వాచార్యులు కృష్ణామృతమహార్ణవమను గ్రంథమున ఏకాదశిని విశేషముగా ప్రశంసించిరి. ఆ ఇండ్లలో దశమినాడు ఒక్కపూట భోజనము, ఏకాదశినాడు నిష్ఠగలవారికి నీరు సైతము నిషిద్ధము, ద్వాదశినాడు తెల్లవారుజాముననే పారణ. చాతుర్మాస్యమున నాలుగు నెలలకు నాలుగు నియమములు: మొదటి నెల కూరలు మానుదురు, రెండవ నెల పెరుగు, మూడవ నెల పాలు, నాలుగవ నెల పప్పుధాన్యములు. ఆకలితో నుండుట దీని ధ్యేయము కాదు. నాలుక దేనికి దాసోహమనునో ఒక్కొక్కదానినే వంతులవారీగా విడిపించుట.

ఐజకు చేరువనున్న ఉత్తనూరులో 18వ శతాబ్దియందు గోపాలదాసు అను హరిదాసు నివసించెను. ఆయనను గూర్చి దాస సంప్రదాయమున ఒక ఐతిహ్యము కలదు. మాన్వికి చెందిన శ్రీనివాసాచార్యులను పండితుడు విజయదాసు ఇంటి విందునకు రాలేక, తనకు కడుపునొప్పి యని, వేళకు తినవలెనని సాకు చెప్పెనట. ఆ సాకే నిజమై ఆయనను పీడింపసాగెను. తుదకు విజయదాసు ఆయనను తన శిష్యుడగు గోపాలదాసు కడకు పంపెను. గోపాలదాసు ధన్వంతరిని ప్రార్థించి జొన్నరొట్టె పెట్టి బాధ మాన్పి, తన ఆయువునుండి నలుబది యేండ్లు ధారపోసెనట. ఆ పండితుడే జగన్నాథదాసు పేర కన్నడమున హరికథామృతసారమును రచించెను. ఏకాదశికి నీరు సైతము ముట్టని సంప్రదాయములోనివారే, రోగిని బాగుచేయుటకు రొట్టె పెట్టినట్లు కథ చెప్పుకొనిరి. ఉత్తనూరులో నేటికిని ధన్వంతరి పేర వేంకటేశ్వరాలయము కలదు.

కాపుదనపు ఇండ్ల తీరు వేరు. తొలి ఏకాదశినాడు జొన్నలు పేలాలుగా వేయించి, విసరి, బెల్లము కలిపిన పేలపిండి తినుట ఈ సీమ ఆచారము. వానకారు పనులు మొదలైన వేళ అది. నాగలి పట్టినవాడు నీరు మాని ఎట్లుండగలడు? అందుచేత ఏకాదశి అతని యింట పేలపిండి పండుగయైనది. పైగా ఏకాదశినాడు అన్నము మానుట మెట్టసీమలో గొప్ప త్యాగమేమియు కాదు. ఇచట దినభోజనము జొన్నరొట్టె, అంబలి, కొర్రబువ్వ. వరియన్నము పండుగనాటి వంట. రాజోలిబండ కాలువ, తరువాత 1990లలో జూరాల నీరు వచ్చి, 1983లో మొదలిడిన కిలో రెండు రూపాయల బియ్యము ఇంటింట చేరి, వరియన్నము దినభోజనమైన పిమ్మటనే ఆ నియమమునకు అసలు బరువు వచ్చినది. ఆ బరువును తప్పించుకొను ఉపాయమును వెంటనే కనిపెట్టినాము. ఫలాహారమనగా పండ్ల ఆహారము. అది నోట నలిగి పలారమై, పలారమనగా ఉప్మాయు, ఇడ్డెనలును, దోసెయు నైనవి. శనివారము ఒక్కపొద్దని రాత్రి అన్నము మాని ఆరు దోసెలు తిన్న పుణ్యాత్ములను మేమెరుగుదుము.

కార్తీకమున నక్తము ప్రసిద్ధము. సోమవారము చుక్కను చూచినగాని చేయి కడుగరు. గద్వాల సంస్థానమున కార్తీక మాఘమాసములు విద్వత్సభలకును పేరుపొందినవి. ‘విద్వద్గద్వాల’ అను ఖ్యాతి ఆ సభలవలననే. ఆ సీమలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు (1896–1953) హిందువుల పండుగలను గూర్చి ప్రత్యేకముగా గ్రంథము వ్రాసిరి. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములను ప్రక్కనుంచి ప్రజల తిండి, బట్ట, ఆటపాటలను చరిత్రగా నిలిపిరి. 1952లో వనపర్తి ప్రజలు వారిని శాసనసభకు పంపిరి. ఒక్కపొద్దు చరిత్రలో చేరదగిన విషయమని చెప్పుటకు మాకు వారే ఆధారము.

అయితే తిండి చరిత్ర చెప్పువారు తిండిలేని చరిత్రను దాటిపోరాదు. 1876లో వానలు తప్పినవి. అది ధాత సంవత్సరము. జనులు దానిని ధాత కరువనిరి. నిజాం రాజ్యపు దక్షిణ జిల్లాలును, తుంగభద్ర కావలి కర్నూలు, బళ్లారి జిల్లాలును దారుణముగా దెబ్బతిన్నవి. మద్రాసు రాజధానిలో కరువుపనులకు వచ్చిన మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యము, పైన కొద్దిపాటి కాసు చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. పౌననగా అరకిలోకు తక్కువ. దినమంతయు మట్టి మోయు మనుష్యునికి అది చాలదని ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. ఏ మెట్టుపై నిలువవలెనో కూలి నిర్ణయించుకొనలేదు. దూరమున కూర్చున్న దొర లెక్క వేసెను. ఏకభుక్తము వేరు, ఒక్కపూటకే గింజలుండుట వేరు. నాగార్జునసాగరము మొదలు దేశమందలి ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీల ఇండ్లలో ఈ భేదమును ఎవరును వివరించి చెప్పనక్కరలేదు.

ఇంకొక వర్గము ఇంటిలోపలనే యున్నది. నోములు, వ్రతములు, వారములు ఎక్కువగా స్త్రీలవి. ఒక్కపొద్దుండునది ఆమె, ఆ ఒక్కపొద్దుననే ఇంటిల్లిపాదికి వండి వడ్డించునదియు ఆమెయే. అగ్రవర్ణపు వితంతువుల స్థితి మరియు ఘోరము. 1881లో వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించు నాటికి, తరువాతను చాలకాలము, పది పండ్రెండేండ్ల ప్రాయమున భర్తను పోగొట్టుకొన్న బాలికకు జీవితాంతము ఒంటిపూట భోజనము విధింపబడుచుండెను. శాస్త్రము రోగికిని, వృద్ధునికిని ఇచ్చిన సడలింపులు చాల ఇండ్లలో ఆమె విస్తరి దాక రాలేదు. ఎన్నుకొనినవానికి వ్రతము, ఎన్నుకొననిదానికి అదే శిక్ష.

ఈ విషయమున ఇస్లాము చెప్పిన నియమము స్పష్టమైనది: రోగియు, ప్రయాణమందున్నవాడును రోజాను విడిచి, తరువాత ఆ దినములను పూర్తిచేసికొనవచ్చును. జైనులది మరియొక దారి. జడ్చర్ల కడ అల్వాన్‌పల్లిలో నిలిచియున్న ఇటుకల గొల్లత్తగుడి ఈ సీమలో వారి పూర్వపు ఉనికికి గురుతు. ప్రొద్దుగ్రుంకిన పిదప తినరాదని వారి నియమము. మన నక్తమునకు సరిగా తలక్రిందు.

నేటి వైద్యశాస్త్రము ఏమనుచున్నది? ఆహారము తగ్గినపుడు కణము తనలోని పాతసామగ్రిని తానే జీర్ణించుకొను విధమును ఈస్టు కణములలో శోధించినందుకు జపానుదేశీయుడగు యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ బహుమానము వచ్చినది. దానినిబట్టి శనివారము ఒక్కపొద్దు సర్వరోగనివారిణి యనుట తొందరపాటు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది స్థూలకాయులపై ఏడాదిపాటు జరిపిన పరీక్ష ఫలితములు 2022లో వెలువడినవి. అందరును ఆహారము తగ్గించిరి. సగముమంది ఉదయము 8 మొదలు సాయంకాలము 4 లోపలనే తినిరి. వేళ పాటించినవారు సగటున 8 కిలోలు, పాటింపనివారు 6.3 కిలోలు తగ్గిరి. ఆ భేదము లెక్కకు నిలుచునది కాదని పరిశోధకులు తేల్చిరి. అనగా వేళలో మంత్రమేమియు లేదు. వేళ యొక కట్టుబాటు; ఆ కట్టుబాటు ఎవరికి తక్కువ తినుటకు తోడ్పడునో వారికి మేలు.

కనుక తగిన ఒక్కపొద్దును వెదకికొనువారు తమ పనిని మొదట చూచుకొనవలెను. బల్లముందు కూర్చుండి పనిచేయువారికి రాత్రి భోజనమును ప్రొద్దుగ్రుంకక ముందే ముగించు జైనుల పద్ధతి తేలిక. మధ్యాహ్నమే ప్రధాన భోజనమైనవారికి ఏకభుక్తము కుదురును. ఎండలో చేను పని చేయువారు నీరు మానరాదు; వారికి పేలపిండి ఏకాదశియే తగినది. వారమునకొకనాడు మొదలిడి, నిద్ర, ఓపిక, కోపము ఎట్లున్నవో మూడు నాలుగు వారములు గమనింపవలెను. ఇంటిలోనివారిపై ఊరక విసుగుకొనుచున్నచో ఆ మెట్టు మీది కాదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, పిల్లలు, బక్కచిక్కినవారు దీని జోలికి పోరాదు. భారతదేశమున మధుమేహులు 10 కోట్లకు పైబడినట్లు 2023లో భారత వైద్య పరిశోధనామండలి అధ్యయనము తెలిపినది. ఇన్సులిను సూదియో, చక్కెర తగ్గించు మాత్రలో వాడువారు డాక్టరుతో చెప్పక పూట మానినచో రక్తమున చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. అది ప్రాణాపాయము.

ఎట్లు మానవలెనో చెప్పినవారు ఎట్లు మరల తినవలెనో చెప్పుట మరతురు. మాధ్వగృహములు మరువలేదు. ద్వాదశి పారణకు వంట తెల్లవారకముందే లేచి చేయుదురు. చింతపండు వేయరు. అవిసాకు కూర, ఉసిరిక పచ్చడి, పెసరపప్పు. విస్తరిలో అన్నము కొద్దిగానే వడ్డింతురు. మొదట తీర్థము పుచ్చుకొని, కొంతసేపు ఆగి, పిమ్మట విస్తరిముందు కూర్చుందురు.