ఉపాఖ్యానములు – వాని యునికిపట్టు

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు భారతమును గూర్చి యేదేని వ్రాయుఁడని కార్యదర్శిగారు కోరిరి. విషయము మహాసముద్రము, మాకిచ్చిన పుటలు రెండు. కావున మేము పెక్కేండ్లు బడిలోఁ జేసిన తప్పిదమొకదానితో నుపక్రమించెదము.

పాఠ్యపుస్తకములందు నలోపాఖ్యానభాగము తఱచుగ నుండెడిది. హంసరాయబారమును, స్వయంవరమును పద్యము వెంటఁ బద్యముగ నన్వయించి, సమాసములు విడఁదీసి, అలంకారములు చెప్పి ముగించెడివారము. ఒకనాఁ డొక బాలుఁడు లేచి, "అయ్యవారూ, ఈ కథ నెవరు ఎవరికిఁ జెప్పుచున్నారండీ?" యని యడిగెను. "బృహదశ్వుఁడు ధర్మరాజునకు" అని చెప్పి కూర్చుండఁబెట్టితిమి. ఎందులకని వాఁ డడుగలేదు, మేమును జెప్పలేదు.

ఆ 'యెందులకు' అనుదానియందే కథాసారమంతయు నున్నది. జూదమున రాజ్యము గోల్పోయి, అర్జునుఁడు దివ్యాస్త్రములకై పోయియుండఁగా, తనవలె దుఃఖించిన రాజు మఱియొకఁడు గలఁడా యని ధర్మజుఁడు మునిని బ్రశ్నించెను. నలకథ యా ప్రశ్నకు బదులు. నలుఁడును జూదరియే, రాజ్యభ్రష్టుఁడే. కాని ధర్మజునకుఁ దమ్ములును బ్రాహ్మణులును దోడుండఁగా, నలున కెవ్వరును లేకపోయిరి. అతఁడు ఋతుపర్ణునివలన నక్షహృదయమును బడసి పుష్కరుని గెలిచెను. కథ ముగిసినపిదప బృహదశ్వుఁ డా విద్యనే ధర్మరాజున కుపదేశించెను. కథలోని విద్య కథ వెలుపలికి వచ్చి శ్రోత చేతఁ బడినది! ముందు కంకుభట్టై విరాటుని కొలువు చేయవలసినవానికి ఇంతకన్న నక్కఱకు వచ్చునది యేమి? ఈ యంచులు కత్తిరించి మేము బోధించినది చక్కని ప్రేమకథ మాత్రమే.

భారతమంతయు నిట్టి కూర్పే. పరీక్షిత్తు తక్షకవిషాగ్నిచే మరణింపఁగా, జనమేజయుఁడు సర్పజాతినెల్ల హోమము చేయఁబూనెను. ఆ యాగమందే వైశంపాయనుఁడు, పగచేఁ గులము నశించిన వృత్తాంతమును, ఆ కులమునఁ బుట్టినవానికే వినిపించెను. ఉగ్రశ్రవసుఁడు దానిని నైమిశారణ్యమున శౌనకాదులకుఁ జెప్పెను. అంతకుముందే రురుని కథ వచ్చును: ప్రమద్వరను బాము కఱచినదని కనఁబడిన పామునెల్లఁ జంపుచున్న రురునకు డుండుభ మహింస నుపదేశించుట. తొందరపడు పాఠకుఁడు దీనిని దాఁటిపోవును. ఆస్తీకుఁడు యాగము నాఁపుటకు బీజము మాత్ర మిచ్చటనే యున్నది.

ఉపాఖ్యానములు పిదప నతికిన ప్రక్షిప్తములని 19వ శతాబ్ది పాశ్చాత్యపండితులు కొందఱు తలఁచిరి. 1919లో నారంభమై 1966లో ముగిసిన పూనా పరిష్కరణమున రురుఁడును గలఁడు, నలుఁడును గలఁడు. ఎప్పుడు చేరినను, చేర్చినవాఁ డెఱిఁగియే చేర్చెనని మా నమ్మకము.

మన కవులు దీనిని గుర్తించిరి. నన్నయ యరణ్యపర్వమధ్యమున నిలిచిపోఁగా, దాదాపు మూఁడు శతాబ్దులకు ఎఱ్ఱన యా శేషమును బూరించి, రాజరాజనరేంద్రున కంకితముగనే నడపెను. సైంధవుఁడు ద్రౌపది నపహరించిన వెంటనే రామకథయు, దానివెనుక సావిత్రికథయు వచ్చుట యాతని భాగములోనిదే. తిక్కన గీతను మిక్కిలి సంక్షేపించుటను గూర్చి మఱియొకపరి వ్రాసెదము.

సంఘపక్షమున విద్యార్థులకుఁ బంచుటకై నలోపాఖ్యానమును ముద్రింపింప దాతలు కొందఱు సంకల్పించిరని వింటిమి, మిగుల సంతసించితిమి. బృహదశ్వుని రాకయు, ధర్మజుని ప్రశ్నయు, అక్షహృదయోపదేశమును విడువక యచ్చొత్తింపుఁడని వారికి మా ప్రార్థన. అందులకు వలయు నధికవ్యయము కొలఁది పుటల కాగితమే.