వైరస్ దొరకని కామెర్లు

కామెర్లు అనగానే మనవాళ్ల అనుమానం కలుషిత నీటి మీదికో, తాగుడు మీదికో పోతుంది. ఆ రెండింటితోనూ ప్రమేయం లేని కామెర్లు 1950 ప్రాంతంలో వైద్యుల కంటపడ్డాయి. 1950లో జర్మనీలోని బాట్ కిసింగెన్ సభలో స్వీడన్ వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రోమ్ కొందరు పడుచు స్త్రీల గురించి చెప్పాడు. కాలేయం వాపు తగ్గదు, నెలసరి ఆగిపోయింది, రక్తంలో గామా గ్లోబ్యులిన్లు విపరీతంగా పెరిగాయి. మరుసటేడు న్యూయార్క్‌లో హెన్రీ కుంకెల్ బృందం కూడా ఇలాంటివారినే చూసింది. యాంటీబాడీలు ఉండేది ఈ గ్లోబ్యులిన్లలోనే. అవి అంతగా పెరిగాయంటే ఒళ్లు దేనితోనో పోరాడుతోందన్నమాట. వైరస్‌తోనే అనుకున్నారు చాలామంది. హెపటైటిస్ వైరస్ ఒక్కటీ అప్పటికింకా పట్టుబడలేదు కనుక, ఆ అనుమానాన్ని తేల్చే పరీక్షే లేదు.

ఒళ్లు తన మీద తానే తిరగబడుతుందని అప్పట్లో గట్టిగా అనగలిగినవాళ్లు తక్కువ. శరీరం తనకు తాను విషం కాకుండా కాచుకుంటుందని 1900 ప్రాంతంలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ అన్నాడు. ఆ తర్వాతివాళ్లు దాన్ని శాసనం చేసుకున్నారు. బతికున్న మనిషి కాలేయంలోకి 1883లోనే సూది దించి కణజాలం తీసిందీ ఆయనే, మధుమేహుల్లో గ్లైకోజన్ ఎలా ఉందో చూద్దామని. ఆయన మాటకు ఎదురు సాక్ష్యం తర్వాత్తర్వాత అలాంటి సూదుల్లోనే దొరికింది.

ముడి విప్పడం మొదలైంది మాత్రం మెల్‌బోర్న్‌లో. ఒళ్లంతా దెబ్బతీసే లూపస్ అనే జబ్బు ఉన్నవారి నమూనాల్లో కనిపించే ఒక వింత కణాన్ని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1948లో వర్ణించారు. ఒక తెల్లకణం మరో కణపు కేంద్రకాన్ని మింగేసి ఉంటుంది. మింగినది నున్నటి ముద్దలా మధ్యలో ఉబ్బితే, దాని సొంత కేంద్రకం అంచుకు నొక్కుకుపోతుంది. అదే ఎల్‌ఈ కణం. 1955లో జోస్కే, కింగ్ అనే ఇద్దరు మెల్‌బోర్న్ వైద్యులు దీర్ఘకాలిక హెపటైటిస్ రోగుల రక్తంలో ఈ కణాన్ని చూశారు. మరుసటేడు ఇయాన్ మెకై, సహచరులు ఆ జబ్బుకు ‘లూపాయిడ్ హెపటైటిస్’ అని పేరు పెట్టారు. ఇది లూపస్ కాదని తర్వాత తేలింది. 1965లో మెకై బృందమే ‘ఆటోఇమ్యూన్ హెపటైటిస్’ అన్న పేరును ముందుకు తెచ్చింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది గైడుషెక్ ఘట్టం. తర్వాత కురు వ్యాధి పరిశోధనకు నోబెల్ అందుకున్న కార్ల్‌టన్ గైడుషెక్ అప్పుడు మెల్‌బోర్న్‌లోని హాల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాడు. కాలేయపు సారంతో రోగుల సీరం కలిపి, వైరస్ జాడ పట్టాలని చూశాడు. కొందరి సీరం జబ్బు లేని కాలేయపు సారంతోనూ చర్య జరిపింది! వేరేవాళ్లయితే పరీక్ష చెడిందని పారేసేవారేమో. ఆయన దాన్ని 1957లో ‘ఆటోఇమ్యూన్’ చర్యగా ప్రచురించాడు.

1965లో ఇంగ్లండ్‌లో జాన్సన్, హోల్‌బొరో, గ్లిన్ ఈ రోగుల సీరంలో మృదుకండరాన్ని పట్టుకునే యాంటీబాడీని కనుగొన్నారు. ఎలుక పొట్ట ముక్క మీద సీరం పోసి, మెరిసే రంగు కట్టిన రెండో యాంటీబాడీ వేసి చూస్తే, కండర పొర ఆకుపచ్చగా వెలుగుతుంది. అదే ఏడాది డెబొరా డోనియాక్, షీలా షెర్లాక్ ఉన్న బృందం పిత్తనాళాలను తినేసే మరో జబ్బులో మైటోకాండ్రియా మీద యాంటీబాడీలను చూపింది. 1973లో కాలేయం, కిడ్నీ రెండింటినీ పట్టే మరో యాంటీబాడీ దొరికింది. అది ఎక్కువగా పిల్లల్లో కనిపించే రెండో రకం ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌కు గుర్తు.

వీటిలో ఏ ఒక్కటీ జబ్బును ఖాయం చేయదు. ఆరోగ్యవంతుల్లోనూ తక్కువ మోతాదులో కనిపించే యాంటీబాడీలివి. అందుకే బయాప్సీ. కాలేయంలో రక్తనాళాలు, పిత్తనాళాలు కలిసి సాగే చోట్లను పోర్టల్ ప్రాంతాలంటారు. వాటి చుట్టూ కాలేయ కణాల వరుస ఒకటి గోడలా నిలుస్తుంది. ఈ జబ్బులో లింఫోసైట్లూ ప్లాస్మా కణాలూ అనే రోగనిరోధక కణాలు ఆ గోడను తినుకుంటూ లోపలికి చొరబడతాయి. ప్లాస్మా కణాన్ని గుర్తుపట్టడం తేలిక: కేంద్రకం ఓ పక్కకు జరిగి ఉంటుంది. అవి గుంపులుగా కనిపిస్తే పాథాలజిస్ట్ కనుబొమ్మలు లేస్తాయి. అంతే, తీర్పు మాత్రం ఇవ్వడు.

మందు పనిచేయడమూ ఒక సాక్ష్యమే అయింది. లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రి పరీక్షా ఫలితాలు 1971లో వచ్చాయి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడిన 22 మందిలో ముగ్గురు చనిపోతే, వాడని 27 మందిలో 15 మంది చనిపోయారు. వైరస్ కారణమని నమ్ముతున్న రోజుల్లో స్టెరాయిడ్ ఇవ్వడానికి గుండె ధైర్యం కావాలి.

1989లో హెపటైటిస్ సి వైరస్ బయటపడగానే మళ్లీ గందరగోళం. తొలి రకం పరీక్షల్లో ఈ రోగుల్లో కొందరికి ‘పాజిటివ్’ వచ్చింది. అసలు కారణం వైరస్ కాదు, పొంగిపొర్లుతున్న వాళ్ల గ్లోబ్యులిన్లే.

చివరికి నిపుణులు 1992లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో కూర్చుని మార్కుల పద్ధతి రూపొందించారు. 2008లో దాన్ని నాలుగు అంశాలకు కుదించారు: యాంటీబాడీలు, ఐజీజీ అనే గ్లోబ్యులిన్ మోతాదు, బయాప్సీ, వైరస్ లేకపోవడం. ఒక్కోదానికి గరిష్ఠంగా రెండు మార్కులు. మొత్తం ఆరు వస్తే బహుశా అదే, ఏడు గానీ ఆపైన గానీ వస్తే అదే. రోగనిర్ణయం ఇలా పరీక్ష పేపరు దిద్దినట్టు జరుగుతుందంటే నవ్వొస్తుంది గానీ, ఇంతకన్నా మెరుగైన దారి ఇంకా లేదు.

చిక్కంతా మందులతోనే. నైట్రోఫ్యురాంటాయిన్, మినోసైక్లిన్ వంటివి అచ్చం ఇలాంటి జబ్బునే తెచ్చిపెడతాయి. కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలో తిప్పతీగ కషాయం ఎంత కాచారో గుర్తుందిగా! అది తాగాక కాలేయం దెబ్బతిన్న కొందరి కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురిస్తే ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. వేరే జాతి మొక్కను తిప్పతీగ అనుకుని వాడి ఉండొచ్చంది. దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది వివరాలు మరుసటేడు వచ్చాయి. చాలామందిలో ఆటోఇమ్యూన్ లక్షణాలే. తిప్పతీగ తెచ్చిన కొత్త జబ్బా, లోపల నిద్రపోతున్న పాత జబ్బును అది లేపిందా అన్నది బయాప్సీ చీటీ ఒక్కటే చూసి చెప్పలేరు. కషాయం మానిపించి, అవసరమైతే స్టెరాయిడ్ ఇచ్చి, తర్వాత మెల్లగా ఆపి చూస్తారు. రక్తంలో కాలేయ ఎంజైములు మళ్లీ లేవకపోతే అది మందు చేసిన పనే అయ్యుంటుంది. లేస్తే మాత్రం ఏళ్ల తరబడి మాత్రలు తప్పవు.