పోర్టు నంబర్లను నమ్మిన కాలం

కంప్యూటర్ నెట్‌వర్క్‌లో సమాచారం ప్యాకెట్లనే చిన్న చిన్న తునకలుగా విడిపోయి ప్రయాణిస్తుంది. దారిలో ఒకచోట ఆ ప్యాకెట్లకు నకళ్లు తీసి, వాటిలో ఏ ప్రోటోకాల్‌కు, అంటే యంత్రాలు తమలో తాము మాట్లాడుకోవడానికి పాటించే ఏ నియమావళికి, ఎంత వాటా ఉన్నదో తేల్చడం ఇప్పుడు ఒక మెనూ తెరిచినంత పని. అయితే ఆ వాటాల లెక్కకు చాలాకాలం విలువ తెచ్చిపెట్టినది పరికరాల పదును కాదని, ప్రోగ్రాములు రాసేవారు ఎవరూ బలవంతపెట్టకుండానే మన్నించిన ఒక ఒప్పందమని దీని చరిత్ర చూసినవారికి తెలుస్తుంది.

ట్రాఫిక్‌ను కొలవాలన్న ఆలోచన నెట్‌వర్క్‌తో పాటే పుట్టింది. 1969లో, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ తొలి కేంద్రంగా లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఎంపిక కావడానికి అక్కడ లియొనార్డ్ క్లైన్‌రాక్ నడిపిన కొలతల కేంద్రమే ఒక ముఖ్య కారణం. స్థానిక నెట్‌వర్క్‌ల విషయానికి వస్తే, జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనశాలలోని ఈథర్‌నెట్‌ను గమనించి జాన్ షోక్, జాన్ హప్ 1980లో ప్రచురించిన వ్యాసం తరువాతివారికి ఒరవడి అయింది. సుమారు 120 యంత్రాలున్న ఆ తీగపై 24 గంటల్లో 22 లక్షల ప్యాకెట్లు, దాదాపు 30 కోట్ల బైట్లు నడిచాయని, అయినా తీగ సామర్థ్యంలో అది ఒక శాతం లోపేనని వారు చూపారు. ఉమ్మడి తీగపై ప్రతి ప్యాకెట్టూ ప్రతి యంత్రానికీ చేరుతుంది కనుక, తనది కాని దానిని వదిలేసే అలవాటును ఒక యంత్రం చేత మాన్పిస్తే చాలు, మొత్తం ట్రాఫిక్ దాని చేతికి చిక్కుతుంది.

చిక్కిన ప్యాకెట్ ఏ కోవకు చెందినదో నిర్ణయించేవి దాని మొదటి కొద్ది బైట్లే. ఈథర్‌నెట్ హెడర్, అంటే ప్యాకెట్ ముందుండే వివరాల భాగం, 14 బైట్లు. అందులో చివరి రెండూ హెక్సాడెసిమల్‌లో 0800 అని ఉంటే లోపల ఉన్నది ఐపీ ప్యాకెట్. ఐపీ హెడర్‌లోని పదో బైటులో 6 ఉంటే టీసీపీ, 17 ఉంటే యూడీపీ, 1 ఉంటే ఐసీఎంపీ. టీసీపీ హెడర్ మొదటి నాలుగు బైట్లలో పంపినవారి పోర్టు నంబరు, అందుకొనేవారి పోర్టు నంబరు, అంటే ఆ రెండు కొసలలో ప్యాకెట్ ఏ ప్రోగ్రాముకు చెందినదో సూచించే సంఖ్యలు, ఉంటాయి. ఇంతవరకు యంత్రం తప్పు చదివే వీలు లేదు. ఆ పైన 25 అంటే మెయిల్, 23 అంటే దూరపు యంత్రాన్ని కీబోర్డుతో నడిపే టెల్నెట్, 80 అంటే వెబ్ అని చెప్పడానికి ఆధారం మాత్రం జాన్ పోస్టెల్ ఏళ్ల తరబడి శ్రద్ధగా నిర్వహించిన ఒక జాబితా. దానిని ఉల్లంఘించినవారిని ఆపే సాధనం నెట్‌వర్క్‌లో ఏదీ లేదు.

పరికరాలు కూడా ఆ జాబితాపైనే భారం వేశాయి. హ్యారీ సాల్, లెన్ షుస్టెక్ స్థాపించిన నెట్‌వర్క్ జనరల్ సంస్థ 1986లో ప్యాకెట్లను పట్టి విడమరచి చూపే స్నిఫర్‌ను అమ్మకానికి తెచ్చింది. రెండేళ్లకు లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో వాన్ జేకబ్సన్, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెక్‌కేన్ రాసిన టీసీపీడంప్ అదే పనిని ఉచితంగా చేసిపెట్టింది. ఆ ప్రోగ్రాము చాలాకాలం పాటు, వేరే ఆదేశం లేకపోతే, ప్రతి ప్యాకెట్ నుంచి 68 బైట్లు మాత్రమే దాచుకొనేది. మామూలు ఈథర్‌నెట్, ఐపీ, టీసీపీ హెడర్లకే 54 పోగా అసలు విషయానికి మిగిలేవి 14 బైట్లు. లోపల ఏముందో చూడవలసిన అవసరం ఉంటుందని నాటివారు భావించలేదన్న మాట.

ఆ నమ్మకం ఫలించిన చోటు ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్. అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర సంస్థ నిధులతో సాగిన ఈ వెన్నెముక నెట్‌వర్క్‌ను నిర్వహించిన మిషిగన్‌లోని మెరిట్ సంస్థ, ఏ పోర్టుకు ఎన్ని ప్యాకెట్లు, ఎన్ని బైట్లు నడిచాయో నెలనెలా పట్టికలుగా వెలువరించేది. రద్దీ పెరిగి అన్నిటినీ లెక్కించడం అసాధ్యమయ్యాక యాభై ప్యాకెట్లకు ఒకటి చొప్పున నమూనా తీసి లెక్క కట్టారు. ఫైళ్ల బదిలీకి వాడే ఎఫ్‌టీపీదే ఏళ్ల తరబడి అగ్రస్థానం. దానిని వెబ్ దాటినది 1995లో, మార్చిలో ప్యాకెట్ల సంఖ్యలోనూ, ఏప్రిల్‌లో బైట్ల మొత్తంలోనూ. ఒకే సంఘటనకు రెండు తేదీలు రావడం చూసేవారికి వింతగా తోచవచ్చు. టెల్నెట్‌లో నొక్కిన ఒక్కొక్క అక్షరమూ 40 బైట్ల హెడర్లను వెంటేసుకొని వేరే ప్యాకెట్‌గా వెళ్లగలదు; ఫైలు బదిలీలోనో ప్యాకెట్లు నిండుగా ఉంటాయి. అందువల్ల ఏది ఎక్కువ అన్న ప్రశ్నకు జవాబు దేనిని లెక్కపెడుతున్నామన్న దానిపై ఆధారపడుతుంది. ఈ సంగతి చెప్పకుండా శాతాలు మాత్రమే ఇచ్చే నివేదికలు నేటికీ తక్కువేమీ కాదు. 1995 ఏప్రిల్ 30తో ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ మూతపడి, వెన్నెముకలు ప్రైవేటు సంస్థల చేతికి వెళ్లడంతో ఆ బహిరంగ పట్టికలు ఆగిపోయాయి.

1998లో జెరాల్డ్ కూంబ్స్ విడుదల చేసిన ఈథీరియల్, ట్రేడ్‌మార్కు చిక్కుల వల్ల 2006 నుంచి వైర్‌షార్క్‌గా కొనసాగుతూ, ప్రోటోకాల్‌ల సోపానక్రమాన్ని శాతాలతో చూపే పట్టికను సామాన్య వినియోగదారుకూ అందించింది. ఒకే ప్యాకెట్ ఈథర్‌నెట్ కింద, ఐపీ కింద, టీసీపీ కింద మళ్లీ మళ్లీ లెక్కకు వస్తుంది కనుక ఆ వరుసలను కూడితే నూరు దాటుతుంది. సమాచారమేదీ లేకుండా అందినట్లు మాత్రమే తెలిపే టీసీపీ ప్యాకెట్లు వెబ్ వరుసకు చేరవు కనుక, వెబ్ వాటా ప్యాకెట్లలో అసలు కంటే చిన్నదిగా కనిపిస్తుంది.

ఒప్పందానికి తొలి దెబ్బ 1999లో వచ్చిన ఫైళ్ల పంపకపు ప్రోగ్రాము నాప్‌స్టర్ తరువాతి తరం నుంచి తగిలింది. కజా వంటి పంపకపు ప్రోగ్రాములు ఫైర్‌వాల్‌ల నుంచి తప్పించుకోవడానికి ఇష్టం వచ్చిన పోర్టులను, అవసరమైతే వెబ్‌కు చెందిన 80నే, వాడుకున్నాయి. పోర్టుల పట్టికలో వాటి వాటా తగ్గినట్లు కనిపించినప్పుడు, అవి తగ్గలేదని, దాగాయని 2004లో థామస్ కరాజియానిస్ బృందం వాదించింది. పరిశోధకులు ప్యాకెట్ లోపలి సంతకాల వైపు మళ్లారు. ఆ దారిని ఎన్‌క్రిప్షన్, అంటే గుప్తీకరణ, త్వరలోనే ఇరుకు చేసింది. అమెరికా ప్రభుత్వ నిఘాపై 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ చేసిన వెల్లడింపుల తరువాత అది వేగంగా వ్యాపించింది. గూగుల్‌లో మొదలై 2021లో ప్రమాణంగా స్థిరపడిన క్విక్ ప్రోటోకాల్ వెబ్‌లో కొంత భాగాన్ని టీసీపీ నుంచి యూడీపీకి తరలించి, రవాణా వివరాలను సైతం గుప్తీకరించింది. దానివల్ల యూడీపీ వరుస ఉబ్బిన పట్టికను పాత అలవాటుతో చదివేవారు అదంతా సైట్ల పేర్లకు చిరునామాలు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ అనో ఆటలు అనో పొరబడే అవకాశం ఉంది. అయినా క్విక్ తొలి ప్యాకెట్ తాళంచెవిని ప్యాకెట్‌లోనే ఉన్న గుర్తింపు సంఖ్య నుంచి, ప్రమాణపత్రంలో అచ్చయిన విలువ నుంచి ఎవరైనా రాబట్టవచ్చు. వైర్‌షార్క్ అలాగే విప్పి, వెళ్తున్నది ఏ సైటుకో చదువుతుంది. సైటు పేరును కూడా గుప్తీకరించే పద్ధతి అమలైన చోట విప్పినా ఆ పేరు దొరకదు, ప్యాకెట్ల పరిమాణం, వాటి మధ్య వ్యవధి వంటివే లెక్కకు మిగులుతాయి.