వరద రోజుల్లో కరెంటు – ఓడలరేవు జ్ఞాపకాలు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్రపై ఏదైనా వ్రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. కోటలు, శాసనాల గురించి వ్రాయగల పండితులు మనలో ఉన్నారు. నేను 1972 నుంచి 2008 వరకు రెవెన్యూ శాఖలో గుమాస్తాగిరీ చేసినవాడిని. నాకు తెలిసిన చరిత్ర ఫైళ్ళలోనిది, రిజిస్టర్లలోనిది. అందుచేత నేను కళ్ళారా చూసిన నాలుగు విపత్తులలో మా వైపు దీపాలు ఎలా ఆరాయో, మళ్ళీ ఎలా వెలిగాయో వ్రాస్తాను. ఇందులో నా పొరపాటు కూడా ఒకటి ఉంది. డెబ్బై ఆరవ ఏట దానిని ఒప్పుకోకపోతే ఇంకెప్పుడు ఒప్పుకుంటాను?

ముందుగా మా ఊరి సంగతి. అమలాపురం నుంచి అల్లవరం మీదుగా వచ్చే దారికి చివర ఓడలరేవు. గోదావరి పాయ అయిన వైనతేయ మా దగ్గరే సముద్రంలో కలుస్తుంది. పక్కనున్న బెండమూర్లంకలో 18వ శతాబ్దంలోనే ఇంగ్లీషు వర్తకుల స్థావరం ఉండేది. ఈనాడు సముద్ర గర్భం నుంచి వచ్చే సహజవాయువుకు ఓడలరేవులో తీర టెర్మినల్ ఉంది. ఇంత పేరున్నా మాది రోడ్డుకు చివర, కాలువకు చివర, కరెంటు లైనుకూ చివరే. వరద వచ్చినప్పుడు ఏటి నీరు సముద్రంలోకి దిగాలి. సముద్రం పోటు మీద ఉంటే నీరు లాగదు, పాటు వస్తేగాని తగ్గదు. మా కరెంటు కూడా ఆ పోటుపాట్లను బట్టే రావలసి ఉంటుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

1986 ఆగస్టు 16న ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్ళింది. 1953 నాటి 30 లక్షల రికార్డును అది దాటింది. ఏటిగట్లు పలుచోట్ల తెగాయి. మండలాలు ఏర్పడి అప్పటికి ఏడాది దాటిందంతే, మా ఆఫీసులో బల్లలు కూడా సరిగా అమరలేదు. పగలు పడవల లెక్క, రాత్రి బియ్యం లెక్క వ్రాసేవాళ్ళం. బియ్యంతోపాటు పంచే కిరసనాయిలు రిజిస్టరు నా చేతిలో ఉండేది. నిజం చెప్పాలంటే కరెంటు లేదని ఆనాడు మా దగ్గరకు వచ్చి అడిగినవారు అరుదు. లంకల్లో దీపమంటే బుడ్డిదీపమే, ఉన్నవారింట హరికేన్ లాంతరు. హెచ్చరిక టముకు మీద వచ్చేది, వార్త పోలీసు వైర్‌లెస్ మీద వచ్చేది. ఆ రెండింటికీ ఊళ్ళో కరెంటుతో పని లేదు. కిరసనాయిలు డ్రమ్ము రాకపోతేనే గొడవ అయ్యేది.

1996 నవంబరు 6 రాత్రి వచ్చినది వరద కాదు, తుపాను. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కోనసీమ కొబ్బరి తోటలు నేలకొరిగాయి. ఆ చెట్లు పడినది తీగల మీదే. స్తంభాలు విరిగాయి, తీగలు చుట్టలు చుట్టుకుపోయాయి. చాలా ఊళ్ళకు వారాల తరబడి కరెంటు లేదు. అప్పటికి ఇళ్ళలోకి ఫ్యాను, టెలివిజను వచ్చాయి, తోటల్లోకి మోటార్లు వచ్చాయి. జనానికి లోటు తెలిసింది. అయితే విరిగిన స్తంభం కంటికి కనబడుతున్నది గనుక ఆలస్యాన్ని అర్థం చేసుకున్నారు.

వరదలో అలా కాదు. స్తంభం నిలబడే ఉంటుంది, తీగ బిగువుగానే ఉన్నట్లు కనబడుతుంది, కాని కరెంటు ఉండదు. ఎవరో కావాలని ఆపేశారని తెలుస్తుంది. కోపం అక్కడే పుడుతుంది. నా పొరపాటూ అక్కడే పుట్టింది.

2006 ఆగస్టు వరదలో ధవళేశ్వరం వద్ద నీరు 28 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు నేను సీనియర్ అసిస్టెంటును. వరద కంట్రోల్ రూములో రాత్రి డ్యూటీ పడింది. ఒక లంక వైపు పేటలకు మూడు రోజులుగా కరెంటు లేదు. ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. నీరు అడుగున్నర తగ్గిందని, ఇంకా ఎందుకు ఇవ్వరని అడిగేవారు. మూడవ రాత్రి నాకు ఓపిక నశించింది. పైవారు ఎవరూ చెప్పకపోయినా నేనే ఆ లైన్‌మన్‌ను పిలిపించి, జనం ఉసురు పోసుకుంటున్నావని, పై అధికారులకు వ్రాస్తానని గట్టిగా మందలించాను. అతను చిన్నవాడు, మోకాళ్ళ వరకు బురదతో వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, “మీరు కాగితం మీద రాసిచ్చినా ఇవ్వనండి గుమాస్తాగారూ. నీళ్ళ కింద ఏముందో నాకు తెలీదు, మీకూ తెలీదండి. పాటు వచ్చాక పడవ మీద లైనంతా చూసి అప్పుడిస్తాను” అన్నాడు. నాకు తల కొట్టేసినట్లయింది. పొగరనుకున్నాను.

తెల్లవారి పాటు మీద నాటు పడవ వేసుకుని వెళ్ళారు. ఒక కొబ్బరి తోట మలుపులో తీగ తెగి నీటిలో పడి ఉంది. ఆ నీటిలోనే మొల లోతున పశువులను తోలుకుని మనుషులు రెండు రోజులుగా గట్టుకు నడుస్తున్నారు. నేను కోరినట్లు ఆ రాత్రి కరెంటు ఇచ్చి ఉంటే, తెల్లవారి నా రిజిస్టరులో ఏ కాలమ్ నింపవలసి వచ్చేదో తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. తరువాత అతను బదిలీ మీద వెళ్ళిపోయాడు. నేను పదవీ విరమణ చేశాను. తప్పు నాదని అతనితో చెప్పలేకపోయాను.

ఆ తరువాతనే ఈ విషయం పనిగట్టుకుని తెలుసుకున్నాను. తీగకూ నేలకూ మధ్య ఇంత ఎడం ఉండాలని నియమం ఉంటుంది. వరదలో నేల స్థానంలో నీరు పైకి వస్తుంది, ఆ నీటి మీద పడవ, పడవలో గెడ పట్టుకుని నిలబడిన మనిషి. గెడ తీగకు తగిలితే చాలు. దిమ్మె మీది ట్రాన్స్‌ఫార్మరు, ఇంటి గోడ మీది మీటరు మునిగితే ఆ తడి ఆరేదాకా ప్రమాదమే. తీగ తెగితే సబ్‌స్టేషన్‌లో లైను దానంతటదే ట్రిప్ కావాలి. కాని తెగిన తీగ పొడి ఇసుక మీదనో చెట్టు కొమ్మ మీదనో పడితే ఒక్కొక్కప్పుడు ట్రిప్ కాదు. పైగా ఎవరైనా ఇంట్లో జనరేటరు తప్పుగా కలిపితే ఆపేసిన తీగలోకీ కరెంటు ఎదురు వస్తుంది. అందుకే లైన్‌మన్ లైన్ క్లియర్ తీసుకుని, ఏ.బి. స్విచ్ విప్పి, ఎర్తు వేసిగాని తీగ ముట్టుకోడు. వరదలో కరెంటు ఆపటం లోపం కాదు, కాపలా.

పెద్ద నగరాలకూ ఇదే పాఠం. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చినప్పుడు న్యూయార్కులో కొన్ని ప్రాంతాలకు ముందే సరఫరా ఆపారు. అయినా నది ఒడ్డున ఉన్న ఒక సబ్‌స్టేషన్‌లోకి నీరు వచ్చి పేలుడు జరిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు కూడా జనం భద్రత కోసం సరఫరా ఆపవలసి వచ్చింది.

మరి 2022 జూలైలో ఏమైంది? 16వ తేదీన ధవళేశ్వరం వద్ద 25 లక్షల 80 వేల క్యూసెక్కుల నీరు వెళ్ళింది. గురుపూర్ణిమ వెళ్ళి మూడు రోజులే, సముద్రం పోటు మీద ఉంది. 1986 కంటే నీరు తక్కువ, లైన్లు మెరుగు. కాని ఇబ్బంది ఎక్కువనిపించింది. కారణం ఆలోచించాను. ఇప్పుడు మంచినీటి ట్యాంకుకు మోటారు కావాలి, పడవ పిలవాలంటే సెల్ ఫోనుకు చార్జింగు కావాలి, మధుమేహం ఉన్నవారి ఇన్సులిన్‌కు ఫ్రిజ్ కావాలి. రేషన్ షాపులో కిరసనాయిలు లేదు. హరికేన్ లాంతరు అటక మీద కూడా లేదు. మా ఇంట ఫోను రెండవ రోజుకే ఆరిపోయింది. కరెంటు ఎప్పుడు వస్తుందని అడగటానికి కూడా కరెంటే కావలసి వచ్చింది.

1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999లో విడిపోయింది, 2000 నుంచి పంపిణీ వేరు సంస్థలకు వచ్చింది. నియంత్రణ మండలి 2004లో సేవా ప్రమాణాలు నిర్ణయించింది. ట్రాన్స్‌ఫార్మరు పాడైతే పల్లెల్లో 48 గంటల్లో బాగు చేయాలన్నది వాటిలో ఒకటి. అయితే వరద, తుపాను వంటి ఉత్పాతాలకు ఆ గడువుల నుంచి మినహాయింపు ఉంటుంది. అమెరికా ఇంజనీర్ల ప్రమాణంలో కూడా సరఫరా అంతరాయాల సగటు కట్టేటప్పుడు మహా విపత్తు రోజులను విడిగా తీసి లెక్కిస్తారు. అది న్యాయమే. కాని గుమాస్తాగా నాకు తెలిసినది ఒకటి: ఏ కాలమ్‌లోనూ వ్రాయని దానిని ఎవరూ సరిచేయరు. గడువు వద్దు, కనీసం లెక్క ఉండాలి.

గోదావరి మనకు మేలే చేస్తుంది, చెప్పకుండా రాదు. భద్రాచలంలో నీరు పెరిగితే ధవళేశ్వరానికి, అక్కడి నుంచి మా రేవుకు చేరటానికి వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో ఏ పేటకు ఏ గంటకు కరెంటు ఆపుతారో, నీరు ఏ మట్టానికి దిగితే తిరిగి ఇస్తారో టముకు వేయించవచ్చు. జనం బిందెలు నింపుకుంటారు, ఫోన్లు నింపుకుంటారు. నమ్మకమైన కరెంటు అంటే ఎన్నడూ పోనిది కాదు, చెప్పి పోయి చెప్పి వచ్చేది అని నేను ఇప్పుడు అనుకుంటున్నాను.

కనుక మన సంఘం తరఫున మూడు విషయాలు పైవారికి నివేదించవలసిందిగా మనవి. పునరావాస కేంద్రానికి, మంచినీటి ట్యాంకుకు, ఆసుపత్రికి ముందుగా సరఫరా ఇచ్చే వరుసను పంచాయతీ గోడ మీద వ్రాయించాలి. వరద మట్టం తెలిసిన చోట ట్రాన్స్‌ఫార్మరు దిమ్మెలు దానికి పైన ఉండాలి. జనరేటర్లు కూడా మేడ మీదో మెరక మీదో పెట్టాలి.

నాలుగవది మనకే. వచ్చే వరదలో బురద కాళ్ళతో వచ్చిన లైన్‌మన్ “ఇప్పుడు ఇవ్వలేనండి” అంటే, ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టండి. నేను ఆ రాత్రి ఆ పని చేయలేదు.